ముందు నకలు, తర్వాతే మరమ్మతు

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి: లినక్స్‌లో సాఫ్ట్‌వేర్ రెయిడ్, అందులో పాడైన డిస్కులు. రెయిడ్ అంటే కొన్ని డిస్కులను కలిపి ఒకే డిస్కులా నడపడం, మామూలుగా ఒకటి పోయినా డేటా మిగిలేలా. నేను కాకినాడలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పద్నాలుగేళ్లు సర్వర్లు చూశాను. ఇప్పుడు ఇంట్లోనే బల్ల వేసుకుని, పాడైన డిస్కుల నుంచి డేటా తీసే పని చేస్తున్నాను. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇచ్చాను. తణుకు నుంచి వచ్చిన ఉత్తరానికి ఎక్కువ చోటు పట్టింది. అలాంటి కష్టంతో నా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది.

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది తణుకు. పెళ్ళిళ్లకు ఫొటోలు, వీడియోలు తీస్తాను. ఆరేళ్ల కిందట మా మేనల్లుడు పాత కంప్యూటర్లో ఉబుంటు వేసి, నాలుగేసి టెరాబైట్ల డిస్కులు నాలుగు పెట్టి రెయిడ్ 5 చేసిచ్చాడు. ఒక డిస్కు పోయినా ఫర్వాలేదన్నాడు. ఆగస్టు 24న పని మధ్యలో ఫోల్డర్ ఆగిపోయింది. మళ్ళీ ఆన్ చేస్తే అసలు తెరుచుకోలేదు. మేనల్లుడు ఫోన్లో చెప్పిన కమాండ్ కొడితే ఒక్కో డిస్కుకు ‘ఈవెంట్స్’ అని ఒక అంకె వచ్చింది. ఏ డిస్కుకు 48,212, బీకి 48,212, సీకి 48,207, డీకి 31,940. డీ మీద చివరి తేదీ జూన్ 11 అని ఉంది. తెలిసినాయన ఒకరు రెయిడ్‌ను మళ్ళీ ‘క్రియేట్’ చేస్తే సరిపోతుందంటున్నారు. ఇంకొకరు డీ డిస్కును మళ్ళీ కలపమంటున్నారు. మూడు పెళ్ళిళ్ల ఆల్బమ్‌లు ఇంకా ఇవ్వాలి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
ఫొటోగ్రాఫర్, తణుకు

జవాబు: ముందు ధైర్యంగా ఉండండి. మీరు రాసిన అంకెలను బట్టి చూస్తే మీ ఫొటోలు దాదాపు అన్నీ ఆ డిస్కుల మీదే ఉన్నాయి. వాటిని పోగొట్టగలిగింది ఇప్పుడు తొందరపాటు ఒక్కటే. కాబట్టి కంప్యూటర్ ఆపేసి ఉంచండి. ఎవరు ఏం చెప్పినా ‘క్రియేట్’ మాత్రం కొట్టకండి.

ఆ కమాండ్ మీద నాకున్న భయం ఎందుకో చెబుతాను. రెయిడ్‌లోని ప్రతి డిస్కు మొదట్లో ఒక చిన్న చీటీ లాంటిది ఉంటుంది. దాన్ని సూపర్‌బ్లాక్ అంటారు. ఇప్పటి పద్ధతిలో అది డిస్కు మొదలు నుంచి 4 కిలోబైట్ల దూరంలో ఉంటుంది. ఈ డిస్కు ఏ రెయిడ్‌ది, వరసలో ఎన్నోది, అసలు డేటా ఎక్కడి నుంచి మొదలవుతుంది, ముక్క సైజు ఎంత, ఇవన్నీ అందులోనే ఉంటాయి. ‘క్రియేట్’ కొట్టగానే ఆ పాత చీటీ చెరిగి కొత్తది పడుతుంది. రెయిడ్ కట్టే ప్రోగ్రాం పేరు ఎండీఏడీఎం. మీ మేనల్లుడు ఆరేళ్ల కిందట వాడిన దాని వెర్షన్ వేరు, ఇప్పటిది వేరు. డేటా మొదలయ్యే చోటు వెర్షన్‌ను బట్టి మారుతుంది. డిస్కుల వరస ఒక్కటి తప్పినా అంతే. పైగా రెయిడ్ 5ను కొత్తగా క్రియేట్ చేస్తే అది ఊరుకోదు, ఒక డిస్కు మొత్తాన్ని కొత్తగా లెక్కగట్టి తిరగరాయడం మొదలుపెడుతుంది. నా బల్ల మీదికి వచ్చి, చేయగలిగింది ఏమీ లేక తిప్పి పంపిన రెయిడ్‌లలో ఎక్కువ ఇలా చెడినవే. డిస్కులు బాగానే ఉంటాయి, పైన రాతే పోయి ఉంటుంది.

ఇక మీ అంకెల సంగతి. ఈవెంట్స్ అంటే రెయిడ్ స్థితి మారిన ప్రతిసారీ పెరిగే లెక్క. అన్ని డిస్కులూ కలిసి నడుస్తుంటే అందరి అంకే ఒకటిగా ఉంటుంది. మీ డీ డిస్కు 31,940 దగ్గర ఆగింది, తేదీ జూన్ 11. అంటే అది రెండున్నర నెలల కిందటే ఊడిపోయింది. మిగతా మూడింటి మీద రెయిడ్ నడుస్తూ వచ్చింది, మీకు ఎవరూ చెప్పలేదు. ఆగస్టు 24న సీ కూడా పడిపోయింది. అయితే సీకీ, ఏ బీలకూ తేడా అయిదే. అంటే సీ దాదాపు చివరి నిమిషం దాకా కలిసే ఉంది. మీకు కావలసిన మూడు డిస్కులు ఏ, బీ, సీ. డీ మీద ఉన్నది జూన్ నాటి సరుకు. దాన్ని బలవంతంగా కలిపితే కొత్త ఫొటోల మధ్యలో పాత ముక్కలు వచ్చి చేరి ఫైల్ సిస్టమ్ చెడుతుంది. మామూలుగా కలిపితే రెయిడ్ దాన్ని కొత్త డిస్కుగా చూసి తిరగరాయాలనుకుంటుంది. రెండూ వద్దు.

అలాగని డీని పారేయకండి. జూన్ 11కు ముందు రాసి, తర్వాత ముట్టుకోని ఫొటోల ముక్కలు దాని మీద సరిగ్గానే ఉంటాయి. సీలో చదవలేని చోట్లు ఎక్కువైతే అనుభవం ఉన్నవాళ్లు ఆ పాత పెళ్ళిళ్లను డీ సాయంతో తీయగలరు. ‘జూన్‌లో ఊడినది’ అని చీటీ అంటించి, ఒక కవర్లో వేసి పక్కన పెట్టండి.

ఇప్పుడు పని. మొదట నాలుగు డిస్కుల సీరియల్ నంబర్లు కాగితం మీద రాసుకోండి. ఏ, బీ, సీ, డీ అన్న అక్షరాలు కంప్యూటర్ తిరిగి ఆన్ చేసినప్పుడు మారిపోవచ్చు, సీరియల్ నంబరు మారదు. తర్వాత స్మార్ట్ రిపోర్టు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క, తీయించండి. స్మార్ట్‌సీటీఎల్ అనే కమాండ్‌తో వస్తుంది. అందులో 5, 197, 198, 199 అన్న వరసలు చూడాలి. 197లో అంకె ఉంటే చదవలేక ఆగిపోయిన సెక్టార్లు ఉన్నట్టు. 5లో ఉంటే చెడిన సెక్టార్ల బదులు డిస్కు తన దగ్గరున్న అదనపు సెక్టార్లు వాడుకున్నట్టు. 199 మాత్రమే పెరిగి, మిగతావి సున్నాలు ఉంటే తప్పు చాలాసార్లు డిస్కుది కాదు, దాన్ని కంప్యూటర్‌కు కలిపే సాటా కేబుల్‌ది. కేబుల్ మార్చాక బాగుపడ్డ ‘పాడైన’ డిస్కులు నేను చాలా చూశాను.

సీ డిస్కు టకటకమని కొట్టుకుంటున్నా, తిరగకుండా మూలుగుతున్నా అక్కడితో ఆపండి. ఇంట్లో చేసేది ఏమీ లేదు, దుమ్ము లేని గదిలో డిస్కు విప్పగల ల్యాబ్‌కు పంపాలి. ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. మన గోదావరి జిల్లాల ఉక్కలో చల్లటి డిస్కు బయటికి తీయగానే లోపలా బయటా చెమ్మ పడుతుంది. దయచేసి ఆ పని చేయకండి.

శబ్దం మామూలుగా ఉంటే దానికి నకలు తీయాలి. గ్నూ డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం ఇందుకే ఉంది. మామూలు కాపీ ప్రోగ్రాం చెడిన చోట తగులుకుంటే అక్కడే కూర్చుంటుంది. ఇది ముందు తేలిగ్గా వచ్చేదంతా చకచకా లాగేసి, కష్టమైన చోట్లను చివరికి ఉంచుతుంది. చావుకు దగ్గరున్న డిస్కుతో పని చేసేటప్పుడు ఆ వరస ముఖ్యం. మొదటిసారి చెడిన చోట్లను గీకకుండా వదిలేసే ఆప్షన్‌తో నడపమనండి. అది పూర్తయ్యాక మూడుసార్లు తిరిగి ప్రయత్నించే ఆప్షన్‌తో రెండోసారి. మ్యాప్ ఫైల్ తప్పకుండా ఇవ్వాలి, దాన్ని ఈ నాలుగు డిస్కుల్లో దేని మీదా కాకుండా వేరే చోట పెట్టాలి. మధ్యలో కరెంటు పోయినా మ్యాప్ ఫైల్ ఉంటే ఆగిన చోటి నుంచే మొదలవుతుంది. బాగున్న నాలుగు టెరాబైట్ల డిస్కుకే సెకనుకు 120 మెగాబైట్ల లెక్కన తొమ్మిది గంటలు దాటుతుంది. చెడినదైతే రెండు మూడు రోజులు పట్టినా కంగారు పడకండి. ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టండి. నేను ప్రతిసారీ పెడతాను.

ఒక్క జాగ్రత్త. ఈ కమాండ్‌లో మూలం ముందు, నకలు తర్వాత రాయాలి. తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి మీ డిస్కు మీద పడుతుంది. ఎంటర్ కొట్టే ముందు సీరియల్ నంబర్లు పైకి చదవమనండి, మీరు కాగితంలో చూసి సరే అనండి. ఇద్దరు మనుషులు ఉండాల్సిన పని ఇది. నకలు డిస్కు సెక్టార్ల లెక్కలో అసలుకంటే ఒక్కటి కూడా తక్కువ ఉండకూడదు. పెద్దదైతే ఫర్వాలేదు.

ఏ, బీలకు కూడా నకళ్లు తీయమనే నా సలహా. నాలుగూ ఒకేరోజు కొన్నవి, ఒకే పెట్టెలో అదే వేడిలో ఆరేళ్లు తిరిగినవి. రెండు పోయాక మూడోది గట్టిగా ఉంటుందని నేను నమ్మను. అంత ఖర్చు పెట్టలేకపోతే ఓవర్లే పద్ధతి ఉంది. డిస్కును చదవడానికి మాత్రమే వాడి, రాసేదంతా వేరే ఫైల్లోకి మళ్ళించడం. డీఎం సెటప్ అనే కమాండ్‌తో చేస్తారు, మీ మేనల్లుడికి చెబితే తెలుసుకుంటాడు. ఏ ప్రయోగమైనా ఓవర్లే మీద చేసి, తప్పైతే ఆ ఫైల్ చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టవచ్చు.

నకళ్లు తయారయ్యాక అసలు డిస్కులను కంప్యూటర్ నుంచి విప్పేయండి. అసలూ నకలూ ఒకేసారి తగిలిస్తే రెండింటికీ అదే చీటీ ఉంటుంది, రెయిడ్ దేన్ని ఎత్తుకుంటుందో చెప్పలేం. అప్పుడు ఏ, బీ, సీ నకళ్లను పేరుపేరునా ఇచ్చి ‘అసెంబుల్’, దానికి తోడు ‘ఫోర్స్’. ‘క్రియేట్’కు, దీనికి ఉన్న తేడా ఇదే: ఇది ఉన్న చీటీలను చదివి కూర్చుతుంది, సీ మీద ఆ అయిదు అంకెల తేడాను మాత్రం సర్దుతుంది. ఫైల్ సిస్టమ్‌ను చదవడానికి మాత్రమే మౌంట్ చేయాలి, అంటే తెరవాలి. ఈఎక్స్‌టీ4 అయితే ‘నోలోడ్’, ఎక్స్ఎఫ్ఎస్ అయితే ‘నోరికవరీ’ కూడా ఇవ్వాలి, లేకపోతే చదవడానికే అన్నా జర్నల్‌ను (మార్పులను ముందుగా రాసుకునే చిట్టాను) తిరగాడించి రాతలు రాస్తుంది.

ఫోల్డర్లు కనిపించగానే మొదట ఆ మూడు పెళ్ళిళ్లు వేరే డిస్కు మీదికి తీయండి. తర్వాత మిగతావి. నకలు తీసేటప్పుడు రాని సెక్టార్లు ఉంటే కొన్ని ఫొటోల్లో సగం నుంచి కింద బూడిద రంగు పట్టీ కనిపించవచ్చు. వాటి పేర్లు రాసుకోండి, డీ డిస్కు అవసరం అక్కడ పడుతుంది. అంతా బయటికి వచ్చి, మీరు తెరిచి చూసుకునేదాకా ఈ రెయిడ్‌కు కొత్త డిస్కు కలిపి రీబిల్డ్ చేయడం వంటి పని పెట్టుకోవద్దు. రీబిల్డ్ అంటే మిగిలిన ప్రతి డిస్కునూ ఈ చివర నుంచి ఆ చివర దాకా చదివించడం. ముసలి డిస్కులు చాలావరకు అప్పుడే పోతాయి.

సీ ఎందుకు ఊడిందో కూడా చూడాలి. మామూలు డెస్క్‌టాప్ డిస్కు అయితే ఒక సెక్టార్ చదవలేకపోతే నిమిషం, రెండు నిమిషాలు కూడా పట్టుబట్టి ప్రయత్నిస్తుంది. లినక్స్ మాత్రం 30 సెకన్లే ఆగుతుంది. ఆ తర్వాత డిస్కు పలకడం లేదనుకుని రీసెట్ చేస్తుంది, రెయిడ్ దాన్ని బయటికి నెట్టేస్తుంది. ఒక్క సెక్టార్ కోసం మొత్తం డిస్కు పోతుంది. దీనికి మందు ఉంది. డిస్కుకు ఎస్‌సీటీ ఈఆర్‌సీ సౌకర్యం ఉంటే స్మార్ట్‌సీటీఎల్‌తో 70 అని పెట్టాలి, అంటే ఏడు సెకన్లలో ‘రాలేదు’ అని చెప్పేస్తుంది. రెయిడ్ మిగతా డిస్కుల నుంచి ఆ ముక్క లెక్కగట్టి అక్కడే తిరగరాస్తుంది. ఆ సౌకర్యం లేని డిస్కులకు లినక్స్ వైపు గడువును 180 సెకన్లకు పెంచాలి. రెండూ కంప్యూటర్ ఆపితే పోతాయి కాబట్టి స్టార్టప్‌లో పెట్టించండి. కొత్తగా కట్టే రెయిడ్‌కు ఇది మొదటి రోజే చేయాలి. నాలుగు డిస్కులే అయితే రెయిడ్ 6 కట్టండి. ఎనిమిది టెరాబైట్లే మిగులుతాయి, నిజమే. కానీ ఈసారి రెండు పోయినా మీరు ఆల్బమ్ ఇవ్వగలరు.

జూన్‌లోనే తెలిసి ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు. ఎండీఏడీఎం కాన్ఫిగ్ ఫైల్లో మెయిల్ అడ్రస్ పెట్టే వరస ఒకటి ఉంటుంది. అది నింపి, ‘టెస్ట్’ ఆప్షన్‌తో ఉత్తుత్తి హెచ్చరిక పంపించి, మీ ఫోన్‌కు వచ్చిందో లేదో కళ్లారా చూసుకోండి.

ప్రశ్న: మా ఆఫీసు లెక్కలన్నీ ఒక చిన్న సర్వర్‌లో ఉన్నాయి. రెండు డిస్కులు, రెయిడ్ 1, అంటే రెండింటి మీదా అదే డేటా. నెల నుంచి ఒక డిస్కుకు 197 దగ్గర 8 అని చూపిస్తోంది. సర్వర్ మాత్రం బాగానే నడుస్తోంది. కొత్త డిస్కు కొన్నాం. పాతది పీకేసి కొత్తది పెట్టేయమంటారా? ఏ డిస్కు అని ఎలా గుర్తుపట్టాలి?
అకౌంటెంట్, హనుమకొండ

జవాబు: పీకకండమ్మా. మీ దగ్గర ఇంకా రెండు డిస్కులున్నాయి. జబ్బుపడ్డదాన్ని ముందే తీసేస్తే ఆ క్షణం నుంచి రీబిల్డ్ పూర్తయ్యేదాకా మీ లెక్కలన్నీ ఒక్క డిస్కు మీద ఉంటాయి. దానిలో చదవలేని సెక్టార్ ఒకటి ఉంటే? దాన్ని నింపగలిగిన రెండోది మీ చేతిలో ఉంటుంది, తీసేశారు కాబట్టి.

సర్వర్‌లో మూడో డిస్కు తగిలించే చోటు, కేబుల్ ఉంటే దారి సులువు. ముందు బ్యాకప్ తీసుకోండి. కొత్త డిస్కు మీద పాతదానిలాగే పార్టిషన్లు చేసి, రెయిడ్‌కు స్పేర్‌గా కలపండి. తర్వాత ఎండీఏడీఎంలో ‘రీప్లేస్’ అనే ఆప్షన్ వాడండి. ఫలానా పాత పార్టిషన్‌ను ఫలానా కొత్తదానితో మార్చు అని చెప్పడం అన్నమాట. రెండు పాత డిస్కులూ పనిలో ఉండగానే కొత్తది నిండుతుంది. పూర్తిగా నిండాకే జబ్బుదాన్ని రెయిడ్ తనంతట తాను పక్కన పెడుతుంది. లినక్స్ కెర్నల్ 3.3 నుంచి ఇది ఉంది, అంటే మీ సర్వర్‌లో తప్పక ఉంటుంది. అయినా పీకేసి పెట్టేవాళ్లే ఎక్కువ, నాకు బాధ కలిగించే సంగతి ఇది. సర్వర్ ఆ డిస్కుల నుంచే బూట్ అవుతుంటే కొత్త డిస్కు మీద గ్రబ్ (లినక్స్‌ను లేపే ప్రోగ్రాం) కూడా వేయించడం మరిచిపోకండి. రెయిడ్ దాన్ని కాపీ చేయదు. ఆర్నెల్ల తర్వాత రెండో డిస్కు పోయినప్పుడు సర్వర్ లేవకపోతే అప్పుడు తెలుస్తుంది.

గుర్తుపట్టడం గురించి మీరు అడిగినందుకు సంతోషం. 2013 వేసవిలో నాకు జరిగింది చెబుతాను. కాలేజీ సర్వర్‌లో మూడు డిస్కుల రెయిడ్ 5. బీ డిస్కు ఊడిందని మెయిల్ వచ్చింది. పరీక్షల రోజులు, సాయంత్రం ఆరు దాటింది. సర్వర్ ఆపి, పై నుంచి రెండోది బీ అనుకుని తీసి కొత్తది పెట్టాను. ఆన్ చేస్తే రెయిడ్ లేవలేదు. నేను తీసింది బాగున్న డిస్కు. తప్పుకున్నది ఇంకా లోపలే ఉంది. చేతులు వణికాయి. ఆ రోజు మూడు వందల మంది పిల్లల ప్రాజెక్టు ఫైళ్లు అందులో ఉన్నాయి. నన్ను కాపాడింది ఒక్కటే, ఆ తర్వాత దేని మీదా ఏమీ రాయలేదు. కొత్త డిస్కు కలపలేదు, రిపేర్ కమాండ్ కొట్టలేదు. తెల్లారాక సీరియల్ నంబర్లు చూసి, తీసినదాన్ని తిరిగి దాని చోట పెట్టి అసెంబుల్ చేస్తే లేచింది. మరునాడే అన్ని సర్వర్లలో ప్రతి డిస్కు అంచు మీద సీరియల్ నంబరులోని చివరి నాలుగు అంకెలు తెల్ల కాగితం మీద రాసి అంటించాను. మీరూ ఈ రోజే అంటించండి. ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్‌కు సీరియల్ కాలమ్ అడిగితే ఏ అక్షరం ఏ నంబరుదో చూపిస్తుంది. డిస్కు మీద ముద్రించినదానితో పోల్చుకోవడమే.

ప్రశ్న: అక్కా, నేను అనంతపురంలో బీటెక్ మూడో సంవత్సరం. పోయిన డిస్కులోని డేటా మిగతావాటిలో కాపీగా లేనప్పుడు రెయిడ్ 5 దాన్ని ఎలా తెస్తుంది? ఇంట్లో ఒకటే ల్యాప్‌టాప్ ఉంది, ఇది నేర్చుకోవడం ఎలా?

జవాబు: మంచి ప్రశ్న తమ్ముడూ. కిరాణా పద్దు పుస్తకం ఊహించుకో. ఒక వరసలో బియ్యం, నూనె, పప్పు, చివర మొత్తం. నూనె గడి మీద నీళ్లు పడి చెరిగిపోయింది. మొత్తంలోంచి మిగతావి తీసేస్తే నూనె ఎంతో తెలుస్తుంది కదా. రెయిడ్ 5లో జరిగేది అదే, కూడిక బదులు ఎక్స్‌ఓఆర్. వరసలో ఉన్న ఒకట్ల సంఖ్య ఎప్పుడూ సరి సంఖ్య కావాలన్నది నియమం. మూడు డిస్కుల్లో 1, 0, 1 ఉంటే పారిటీ 0. రెండో డిస్కు పోయిందనుకో, మిగిలింది 1, 1, 0. ఒకట్లు ఇప్పటికే రెండు, సరి. కాబట్టి పోయింది 0. రెండు గడులు చెరిగితే మొత్తం ఒక్కటి చాలదు, అందుకే రెయిడ్ 5 రెండో డిస్కుకు తట్టుకోలేదు. రెయిడ్ 6లో వేరే సూత్రంతో కట్టిన రెండో ‘మొత్తం’ కూడా ఉంటుంది. ఈ పారిటీ గడిని ఒకే డిస్కు మీద పెట్టకుండా వరసకొకటిగా అన్ని డిస్కులకూ పంచుతారు.

రెయిడ్ అన్న పేరును కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం నుంచి డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ 1988లో వెలువరించిన పరిశోధన పత్రంతో ప్రపంచమంతా వాడటం మొదలుపెట్టింది. నువ్వు వాడబోయే ఎండీఏడీఎంను రాసింది ఆస్ట్రేలియాకు చెందిన నీల్ బ్రౌన్.

ఇంకో సంగతి గుర్తుంచుకో. అన్ని గడులూ ఉండి లెక్క మాత్రం కుదరకపోతే, తప్పు ఏ గడిలో ఉందో ఒక్క మొత్తం చెప్పలేదు. నెలకోసారి చేసే తనిఖీలో ‘చెక్’, ‘రిపేర్’ అని రెండు ఉంటాయి. చెక్ తేడాలను లెక్కపెట్టి వదిలేస్తుంది. రిపేర్ రెయిడ్ 5లో పారిటీని డేటాకు తగ్గట్టు మార్చేస్తుంది, తప్పు డేటాలోనే ఉన్నా సరే. అందుకే ఎప్పుడూ ముందు చెక్ చేసి, తేడా వస్తే కేబుల్, మెమరీ, డిస్కుల స్మార్ట్ రిపోర్టు చూశాకే రిపేర్ జోలికి వెళ్లు. డెబియన్ అనే లినక్స్‌లో చెక్ నెలలో మొదటి ఆదివారం దానంతట అదే జరుగుతుంది.

నేర్చుకోవడానికి డిస్కులు అక్కర్లేదు. నీ ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెషీన్‌లో లినక్స్ వేసుకో. 200 మెగాబైట్ల ఫైళ్లు అయిదు చేసి, వాటిని డిస్కుల్లా కనిపించే లూప్ డివైస్‌లుగా పెట్టు. నాలుగింటితో రెయిడ్ 5 కట్టి, కొన్ని ఫొటోలు వేసి, వాటి చెక్‌సమ్‌లు రాసుకో. ఒకదాన్ని ‘ఫెయిల్’ చెయ్యి, ఈవెంట్స్ అంకెలు ఎలా విడిపోతాయో చూడు. అయిదోదాన్ని కలిపి రీబిల్డ్ చూడు. ఆ తర్వాత రెండింటిని ఊడగొట్టి, తణుకు ఆయన పరిస్థితి తెచ్చుకుని, అసెంబుల్ ఫోర్స్‌తో బయటపడు. చివర్లో కావాలనే వరస తప్పించి ‘క్రియేట్’ కొట్టి, ఫొటోలు ఏమయ్యాయో చూడు. ఒక్కసారి అది కళ్లతో చూస్తే ఉద్యోగంలో ఇంకెవరి డిస్కుల మీదా ఆ కమాండ్ కొట్టవు.

ప్రశ్న: న్యూజెర్సీ నుంచి రాస్తున్నాను. విజయవాడలో మా నాన్నగారి దగ్గర రెండు డిస్కుల నాస్ పెట్టె (ఇంటి నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచే పెట్టె) ఉంది. అమ్మ ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. అమ్మ ఇప్పుడు లేరు. పెట్టె అసలు ఆన్ కావడం లేదు. నాన్నగారు ఒక డిస్కు తీసి ఆయన విండోస్ ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే ‘ఫార్మాట్ చేయాలా’ అని అడిగిందట. ఆయన భయపడి తీసేశారు. ఫొటోలు పోయినట్టేనా?

జవాబు: పోలేదు. నాన్నగారు చాలా సరైన పని చేశారు, ఆ మాట ఆయనకు నా తరఫున చెప్పండి. విండోస్‌కు లినక్స్ డిస్కు అర్థం కాదు, అందుకే అలా అడుగుతుంది. ‘ఫార్మాట్’ అన్నా, ‘ఇనిషియలైజ్’ అన్నా క్యాన్సిల్ చేయడమే.

మొదట అడాప్టర్ మార్చి చూడండి. పెట్టె ఆన్ కాకపోతే చాలాసార్లు చచ్చేది అదే. పాతదాని మీద రాసి ఉన్న వోల్టేజీ కచ్చితంగా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతకు తగ్గకూడదు, పిన్ సరిపోవాలి. దానితో లేస్తే ఫొటోలు వెంటనే బయటి డిస్కు మీదికి తీసుకోమనండి, ఇంకే పనీ పెట్టుకోవద్దు.

లేవకపోతే, ఇళ్లలో వాడే నాస్ పెట్టెల్లో చాలావాటి లోపల నడిచేది లినక్సే, మనం ఇంతసేపు మాట్లాడుకున్న ఎండీ రెయిడే. పెట్టె లేకపోయినా డిస్కులు చదవవచ్చు. రెండు డిస్కులకూ అద్దం లాంటి నకలు పద్ధతి, అంటే రెయిడ్ 1, ఉంటే ఒక్క డిస్కు చాలు. రెండోదాన్ని కదపకుండా బీరువాలో పెట్టమనండి. సాటా డిస్కు తగిలించగల డెస్క్‌టాప్ ఒకటి చూసి, ఉబుంటును పెన్‌డ్రైవ్ నుంచి ‘ట్రై’ పద్ధతిలో బూట్ చేయించండి, ఇన్‌స్టాల్ చేయకూడదు. ఎండీఏడీఎం, ఎల్‌వీఎం2 ప్యాకేజీలు వేసి, ‘రీడ్‌ఓన్లీ’తో అసెంబుల్ చేయాలి. రెండు మూడు రెయిడ్‌లు కనిపిస్తే కంగారు పడవద్దు. పెట్టె తన సిస్టమ్ కోసం, స్వాప్ కోసం డిస్కు మొదట్లో చిన్న పార్టిషన్లు పెట్టుకుంటుంది. అన్నిటికంటే పెద్దదే మీ డేటా. దాని లోపల ఎల్‌వీఎం (డిస్కు చోటును వాల్యూమ్‌లుగా పంచే పద్ధతి) ఉంటే వాల్యూమ్‌ను యాక్టివేట్ చేసి, చదవడానికి మాత్రమే మౌంట్ చేయాలి. పెట్టెకు పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్షన్ పెట్టి ఉంటే ఆ కీ కూడా కావాలి, నాన్నగారి పాత కాగితాల్లో వెతకమనండి.

ఇవన్నీ నాన్నగారి చేత వీడియో కాల్‌లో చేయించవచ్చు, ఇబ్బందైతే విజయవాడలో లినక్స్ తెలిసిన మనిషిని ఇంటికే పిలిపించండి, డిస్కులు బయటికి పంపకుండా. మీకు ఉదయం ఎనిమిదైతే అక్కడ సాయంత్రం అయిదున్నర, శీతాకాలంలో ఆరున్నర. రెండు మూడు గంటలు కరెంటు నిలకడగా ఉండే వేళ చూసుకుని, డెస్క్‌టాప్‌ను యూపీఎస్ మీద పెట్టించండి. డిస్కులు పెట్టెలో ఏ వైపు ఏది ఉండేదో నాన్నగారికి ఇంకా గుర్తుండగానే, ఈ రోజే ఫోన్ చేసి, వాటి మీద ఒకటి, రెండు అని రాయించండి.